పసిబిడ్డ డొక్కలెగరేస్తుంటే
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెలలు నిండి, మంచి బరువుతో పుట్టిన బిడ్డ కొద్ది గంటల్లోనే డొక్కలెగరేస్తూ ఆయాసపడతాడు. నజరు తగిలిందంటారొకరు. తల్లి పథ్యం చేయలేదంటారింకొకరు. రెండూ కావని ముందే మనవి చేస్తున్నాము.

చాలామంది పిల్లల్లో కారణం ఊపిరితిత్తుల్లో మిగిలిన నీరే, అది రెండు మూడు రోజుల్లో ఇంకిపోతుంది. ఇన్‌ఫెక్షను, గుండె లోపం వంటివి పరీక్షల్లో తెలుస్తాయి. ఇవేవీ కానప్పటి సంగతి చెప్తాము.

ఊపిరితిత్తుల్లోని చిన్న చిన్న గాలి గదులు ముడుచుకుపోకుండా ఒక పలుచని పొర కాపాడుతుంది. దాని పేరు సర్ఫాక్టెంట్. నెలలు నిండని బిడ్డల్లో అది చాలదని 1959లో అమెరికాలో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ చూపించారు. నెలలు నిండినా పుట్టుకతోనే ఆ పొర సరిగా తయారుకాని బిడ్డలున్నారని 1993లో తేలింది. అది సర్ఫాక్టెంట్ ప్రొటీన్ 'బి' లోపం. 2004లో ఎ.బి.సి.ఎ.3 అనే మరో జన్యువు లోపం బయటపడింది. ఎక్స్‌రే చూస్తే నెలలు నిండని బిడ్డదిలాగే ఉంటుంది. గొట్టం ద్వారా సర్ఫాక్టెంట్ మందు పోస్తే కాస్త తేరుకుంటాడు, మళ్లీ మొదటికే వస్తాడు. వారం దాటినా ఇదే వరస అయితే జన్యు పరీక్ష సంగతి డాక్టరుగారిని అడగండి. కొద్దిపాటి రక్తం చాలు.

ఈ రెండు లోపాలూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే జబ్బు. వాళ్లిద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. ఒకరు పోయారు కనుక తర్వాతి ముగ్గురూ క్షేమమనే లెక్క తప్పండీ. చాచా, ఫుప్పీ, ఖాలా పిల్లల మధ్య పెళ్లిళ్లలో ఈ అవకాశం ఎక్కువ. మేనరికం చేసే ఇతర ఇళ్లలోనూ అంతే.

మా దగ్గరికొచ్చిన ఒక కోడలికి రెండు కాన్పులు పోయాయి. ఆ బిడ్డల రక్తం ఎవరూ దాచలేదు. నింద మోసింది ఆమె ఒక్కతే. మూడో బిడ్డ రక్తం పంపితే, లోపం భార్యాభర్తలిద్దరి నుంచీ వచ్చిందని రిపోర్టు వచ్చింది. అత్తగారు ఆ కాగితాన్ని రెండోసారి చదివించుకున్నారు.

పరీక్షతో బిడ్డ బతుకుతాడా అని అడుగుతారు. దాచడం ఎందుకు, 'బి' లోపానికి మందు లేదు. ఊపిరితిత్తుల మార్పిడి లేకపోతే నెలల్లోనే పోతారు. ఎ.బి.సి.ఎ.3 లోపంలో కొందరు బతుకుతారు. అయితే లోపం ఫలానా అని తెలిస్తే, వచ్చే కాన్పులో మూడో నెలలోనే పరీక్ష చేయించుకునే వీలుంటుంది.

అందుకే ఇంట్లో ఇదివరకు పసిబిడ్డలు పోయి ఉంటే డాక్టరుకు దాచకండి. బిడ్డ దక్కడని తెలిసినా కొంచెం రక్తం తీసి ఉంచమనండి. ఫిల్టరు కాగితం మీద ఆరబెట్టిన చుక్కల నుంచి కూడా పరీక్ష చేయవచ్చు.