బరువు తగ్గుటకు రెండవమారు ఆపరేషను: వైద్యుని ఎన్నుకొనుట యెట్లు?

(మన సంఘ వారపు సభలో చేసిన ఉపన్యాస పాఠము)



నేను వైద్యుడను కాను. మెట్రిక్యులేషను వరకు చదివి అంగడిలో కూర్చున్నవాడను. అయినను ఈ విషయమును గూర్చి మాటలాడుటకు కారణము కలదు. చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలోని మనవారు కొందరు బెంగళూరు పోయి బరువు తగ్గు ఆపరేషను చేయించుకొని వచ్చినారు. పలువురికి మేలు కలిగినది. కొందరికి మాత్రము కొన్ని ఏండ్లు గడచిన పిదప బరువు మరల పెరిగినది. మఱికొందరికి తిన్నది గొంతులోనికి ఎగదన్ని రాత్రి నిద్ర పట్టకున్నది. వారు సంఘమునకు వచ్చి, "మరల కోయించుకొనవచ్చునా? ఎవరిచేత కోయించుకొనవలెను?" అని అడుగుచున్నారు. అన్యభాషా రాష్ట్రమున మన భాషను నిలుపుకొనుటకు సంఘము పెట్టుకొన్నాము. ప్రాణము మీది సందేహమును స్వభాషలో తీర్చుకొనుటకు సైతము ఆ సంఘము ఉపయోగపడవలెను గదా!

ముందుగా ఈ శస్త్రముల చరిత్ర రెండు మాటలలో చెప్పుదును. 1954లో అమెరికాలోని మిన్నెసోటాలో పేగును దాటవేయు పద్ధతిని వైద్యులు ప్రకటించిరి. 1966లో అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డు మేసన్ అను శస్త్రవైద్యుడు కడుపుసంచిని చిన్నది చేసి పేగుతో కలుపు "గ్యాస్ట్రిక్ బైపాస్" ప్రారంభించెను. 1994లో అదియే చిన్న రంధ్రముల గుండా, కెమెరా సాయముతో చేయు విధానము ప్రకటితమయ్యెను. నేడు మన దేశమున ఎక్కువగా వినవచ్చునది "స్లీవ్". దీనిలో కడుపుసంచిని నాలుగింట మూడు వంతులకు పైగా కోసి తీసివేసి, మిగిలినదానిని గొట్టమువలె చేయుదురు. తీసివేసిన భాగము మరల రాదు. కడుపుపై పట్టీ బిగించు "బ్యాండు" పద్ధతి ఒకప్పుడు విరివిగా ఉండి, పిమ్మట వెనుకబడినది.

రెండవమారు చేయు శస్త్రము మొదటిదానివంటిది కాదు. ఈ మాటను మనసున గట్టిగా పట్టించుకొనవలెను. మొదటి కోతవలన లోపలి అవయవములు ఒకదానికొకటి అంటుకొని యుండును. రక్తము ప్రసరించు దారులు మారియుండును. పాత కుట్ల మీద కొత్త కుట్లు వేయవలసి వచ్చును. కావున కుట్టు వదలి లోపలిది బయటికి కారుట, రక్తస్రావము మొదలగు ఉపద్రవములు మొదటిమారు కంటె రెండవమారు ఎక్కువ. కొత్త ఇల్లు కట్టుట ఒక పని; గోడలు నిలిచియుండగా పునాది మార్చుట వేఱొక పని. రెండవదానికి మేస్త్రీని వెదకునపుడు, "ఎన్ని కొత్త ఇండ్లు కట్టితివి?" అని అడిగి ఊరకుండము గదా.

అందుచేత వైద్యుని ఎన్నిక కంటె ముందు తేలవలసిన ప్రశ్న ఒకటి యున్నది. ఈ రెండవ శస్త్రము అసలు అవసరమా? బరువు మరల పెరుగుటకు కడుపు సాగుట ఒక్కటే హేతువు కాదు. ఆహారపు అలవాట్లు చెడుట, స్టెరాయిడులు, ఇన్సులిను, కొన్ని మానసిక వ్యాధుల మందులు, గ్రంథుల దోషములు కూడ కారణములు కావచ్చును. మఱియు 2025లో మన దేశమున టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ అను బరువు తగ్గించు సూదిమందులు విక్రయమునకు వచ్చినవి. వీనికిని దోషములు లేకపోలేదు. వైద్యుని పర్యవేక్షణ లేక వాడరాదు. అయినను కత్తికి ముందు మందును ఆలోచించితిరా అని అడుగుట మన హక్కు. ఇట్లుగాక, స్లీవ్ పిమ్మట తీవ్రమైన ఎగదన్నుట, దారి ఇరుకగుట, బ్యాండు జారుట లేక కడుపులోనికి దిగబడుట, బైపాస్ పిమ్మట పోషణ పూర్తిగా చెడుట వంటివి సంభవించినచో రెండవ శస్త్రమునకు గట్టి కారణము కలదు.

ఇక వైద్యుని ఎన్నుకొను సంగతి.

మొదటిది, పాత కాగితములు. మొదటి ఆపరేషనులో ఏమి చేసిరో తెలియక రెండవది చేయుట చీకటిలో నడచుట. 2002 నాటి వైద్యవృత్తి నిబంధనల ప్రకారము వైద్యుడు రోగి పత్రములను చికిత్స ప్రారంభమైన నాటినుండి 3 ఏండ్లు భద్రపఱచవలెను. రోగి కోరిన 72 గంటలలోగా ఇవ్వవలెను. కావున మొదటి శస్త్రము చేయించుకొన్నవారు ఆపరేషను వివరము వ్రాసిన పత్రమును నేడే అడిగి తెచ్చి, దస్తావేజులతోపాటు పెట్టెలో పెట్టుకొనుడు. ఆ పత్రమును చూపుమని తానుగా అడుగని వైద్యుని యెడల సందేహము కలుగుట న్యాయమే.

రెండవది, పరీక్షలు. మంచి వైద్యుడు ఎండోస్కోపీ చేయించును. మందు త్రాగించి ఎక్స్-రే తీయించును. ఇనుము, బి12, డి విటమిను, మాంసకృత్తుల లెక్క చూచును. భోజన నిపుణుని యొద్దకు పంపును. మొదటి దర్శనముననే తేదీ నిర్ణయించి బయానా అడుగువాడు వైద్యము చేయుట లేదు, బేరము చేయుచున్నాడు. బేరమును గుర్తించుట మన వ్యాపారులకు ఎవరును నేర్పనక్కర లేదు.

మూడవది, అనుభవము. "అయ్యా, మీరు ఎన్ని ఆపరేషనులు చేసితిరి?" అన్న ప్రశ్న చాలదు. "నాకు జరిగినదానివంటిదానిని మార్చి, నాకు చేయదలచినదానివంటిది ఏడాదికి ఎన్ని చేయుదురు? వారిలో ఎందఱికి కుట్టు వదలినది? ఎందఱు మరణించిరి? ఎందఱిని మరల కోయవలసి వచ్చినది?" అని అడుగవలెను. ఇది అవమానించుట కాదు. శిడ్లఘట్ట మార్కెట్టులో పట్టుగూళ్లను చేతబట్టి చూడక కొనువాడు లేడు. నిజమైన నిపుణుడు లెక్క చెప్పును, కోపగించుకొనడు. "నా చేతిలో ఎన్నడును ఏ తొందరయు రాలేదు" అనువానికంటె, "ఇన్ని వచ్చినవి, వానిని ఇట్లు సరిచేసితిమి" అనువాడు నమ్మదగినవాడు.

నాల్గవది, అర్హత. వైద్యుని రిజిస్ట్రేషను కర్ణాటక మెడికల్ కౌన్సిలులో కలదా యని చూడవచ్చును. శస్త్రవైద్యమున ఎం.ఎస్. పట్టమునకు పైన ఈ శస్త్రములలో ప్రత్యేక శిక్షణ పొందెనా యని అడుగవచ్చును. భారత స్థూలకాయ శస్త్రవైద్యుల సంఘములో సభ్యత్వము ఉండుట మంచిదే. కాని సభ్యత్వము చేతి నేర్పునకు హామీ పత్రము కాదు.

అయిదవది, ఆసుపత్రి. శస్త్రవైద్యుడు ఒంటరిగా ప్రాణము నిలుపలేడు. స్థూలకాయులకు మత్తు ఇచ్చుటలో అలవాటుపడిన వైద్యుడు, రాత్రింబవళ్లు పనిచేయు ఐ.సి.యు., రక్తనిధి, కుట్టు వదలినచో ఎండోస్కోపీ ద్వారా సరిచేయగల నిపుణుడు అదే కప్పు క్రింద ఉండవలెను. 2024 ఏప్రిలులో చెన్నై శివారున ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బరువు తగ్గు శస్త్రము సందర్భమున ఒక యువకుడు మరణించెను. తమిళనాడు ఆరోగ్యశాఖ విచారణ జరిపి ఆ ఆసుపత్రి అనుమతిని నిలిపివేసినది. అత్యవసర స్థితిని ఎదుర్కొనుటకు అచట తగిన వసతులు లేవని విచారణలో తేలినట్లు పత్రికలలో వచ్చినది. ఎక్కడనుండియో వచ్చి, కోసి, సాయంకాలమే వెడలిపోవు వైద్యుని యెడల కూడ జాగ్రత్త అవసరము. అర్ధరాత్రి నాడి తప్పినచో వచ్చువాడెవ్వడు అని పేరు అడిగి తెలిసికొనవలెను.

ఆఱవది, దళారులు. రోగిని పంపినందుకు కమీషను ఇచ్చుటయు, పుచ్చుకొనుటయు పైన చెప్పిన 2002 నిబంధనలలో నిషిద్ధము. ఉచిత శిబిరము పెట్టి, వాయిదాల మీద ఆపరేషను ఇప్పింతుమని మన వీధులకు వచ్చువారి మాట విని నిర్ణయము చేయకుడు. ఆసుపత్రితో సంబంధము లేని మఱియొక శస్త్రవైద్యుని అభిప్రాయము తప్పక తీసికొనుడు. ఇరువురును ఒకే మాట చెప్పినచో ధైర్యము కలుగును. వేఱు మాట చెప్పినచో ఆ ఖర్చు వ్యర్థము కాలేదన్నమాట.

ధనము మాట. 2007 నాటి కర్ణాటక ప్రైవేటు వైద్యసంస్థల చట్టము క్రింద ఆసుపత్రులు తమ రుసుములను ప్రకటింపవలెను. ప్యాకేజి ధర విన్నంతనే తృప్తిపడక, "ఉపద్రవము వచ్చి పది దినములు ఐ.సి.యు.లో ఉంచినచో ఎంత?" అని వ్రాతపూర్వకముగా అడుగుడు. ఇన్సూరెన్సు విషయమున 2019లో నియంత్రణ సంస్థ చేసిన నియమముల ప్రకారము స్థూలకాయ శస్త్రమునకు పరిహారము దొరకవలెనన్న 18 ఏండ్లు నిండవలెను, బి.ఎం.ఐ. 40 గాని, తీవ్రవ్యాధులు తోడైనచో 35 గాని ఉండవలెను. రెండవ శస్త్రమునకు మీ పాలసీ వర్తించునో లేదో కంపెనీ నుండి ముందే కాగితము తెచ్చుకొనుడు.

ఇప్పుడు మన సంఘమునకు ముఖ్యమైన భాషా విషయము. సమ్మతి పత్రము ఇంగ్లీషులో నుండును. సంభాషణ కన్నడములోనో హిందీలోనో జరుగును. మన బాగేపల్లి పల్లెల తల్లులు తల యూపి వ్రేలిముద్ర వేసి వచ్చెదరు. 2008లో సమీరా కోహ్లీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు చికిత్స స్వభావము, అపాయములు, ప్రత్యామ్నాయములు రోగికి తెలుపవలెననియు, ఒక పనికి ఇచ్చిన సమ్మతి ప్రాణాపాయ సమయమున తప్ప మఱియొక పనికి చెల్లదనియు తీర్పు చెప్పినది. తెలియని భాషలో చెప్పినది తెలిపినట్లు ఎట్లగును? కావున తెలుగులో వివరింపుమని కోరుడు. బెంగళూరు ఆసుపత్రులలో తెలుగు తెలిసిన వైద్యులకు, నర్సులకు కొదువ లేదు. అడుగుటకు సిగ్గుపడుటయే మన కొదువ.

తిరిగివచ్చిన పిదప జాగ్రత్త ఇంకను ముఖ్యము. చిక్కబళ్లాపురమునుండి బెంగళూరు సుమారు 60 కిలోమీటర్లు. బాగేపల్లినుండి సుమారు 100. అందుచేత డిశ్చార్జి అయిన వెంటనే ఊరికి రాక, వైద్యుడు చెప్పినన్ని దినములు నగరముననే ఉండుట మేలు. నాడి నిమిషమునకు 120 దాటి కొట్టుకొనుట, జ్వరము, కడుపులోగాని భుజములోగాని నొప్పి, ఆయాసము — వీనిలో ఏది కనబడినను గ్యాసు అని సోడా త్రాగి కూర్చుండరాదు. కుట్టు వదలిన గుర్తు కావచ్చును. వాంతులు పలు దినములు ఆగనిచో బి1 విటమిను తఱిగి నరములు, మెదడు చెడును. అట్టి స్థితిలో బి1 ఇవ్వక గ్లూకోజు సెలైను ఎక్కించుట ప్రమాదము. మన ఊరి వైద్యునికి ఈ సంగతి తెలియునట్లు శస్త్రవైద్యునిచేత ఒక జాబు వ్రాయించుకొని రండు. బైపాస్ అయినవారు కీళ్లనొప్పికని అంగడిలో మాత్రలు కొని మ్రింగరాదు. వానివలన కుట్టువద్ద పుండు పుట్టును. విటమినులు, రక్తపరీక్షలు జీవితాంతము తప్పవు.

చివరగా ఒక మాట. బరువు మరల పెరిగినవానిని చూచి "నోరు కట్టుకొనలేకపోయెను" అని నవ్వువారు మనలో గలరు. ఆ నవ్వునకు భయపడియే పలువురు ఎవరికిని చెప్పక, ఎవరినీ అడుగక, ప్రకటన చూచి ఆసుపత్రిలో చేరుచున్నారు. స్థూలకాయము వ్యాధి, అది మరల తిరుగబెట్టుట వ్యాధి లక్షణము. దానిని దాచుకొనునట్లు చేసినచో ఆ పాపము మనదే.

కావున సంఘమునకు రెండు పనులు సూచించుచున్నాను. ఇట్టి శస్త్రమునకు పోవు ప్రతివారి వెంట కన్నడమును, ఇంగ్లీషును చదువగల ఒక సభ్యుని తోడుగా పంపుదము. వైద్యుని అడుగవలసిన ప్రశ్నలను తెలుగులో అచ్చొత్తించి మూడు ఊళ్లలోను పంచుదము. ఖర్చు స్వల్పము; ఆ కాగితము చేత పట్టుకొని పోయినవాడు ఒక్క తప్పు చేతినుండి తప్పించుకొన్నను మన చందా సార్థకమైనట్లే.