ఇంటర్ ఫలితాలకు, కాలేజీ గేటుకు మధ్య

(యౌవనస్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



ఒకప్పుడు మన పల్లెల్లో చదువు వచ్చినవాడు ఒక్కడుంటే ఊరందరికీ ఉత్తరములు వ్రాసిపెట్టేది, అర్జీలు వ్రాసిపెట్టేది అతడే. ఏ ఆఫీసులో ఏ గుమాస్తాను అడగాలో కూడ అతనికే తెలుసు. ఈనాడు ఇంటర్ చదివిన పిల్లలు ఇంటింటా ఉన్నారు. అయినా ఆ అర్జీ వ్రాసిపెట్టేవాని అవసరము తీరలేదని గత కొన్ని వేసవులలో మేము కళ్లారా చూచినాము. ఆ పనిని తలకెత్తుకొన్న మన యూనివర్సిటీ విద్యార్థులను గురించి నాలుగు మాటలు చెప్పదలచినాము.

తెలంగాణలో డిగ్రీ ప్రవేశములు 2016 నుండి ‘దోస్త్’ అనే ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుచున్నవి. అంతకు ముందు ఏ కాలేజీ ఫారము ఆ కాలేజీలో కొని, వరుసలో నిలబడవలసి వచ్చేది. ఇప్పుడు ఉస్మానియా, కాకతీయ, పాలమూరు, శాతవాహన, మహాత్మాగాంధీ, తెలంగాణ యూనివర్సిటీల క్రింది కాలేజీలలో చాలావాటికి ఒకే దరఖాస్తు సరిపోతుంది. మొదటి విడత రుసుము 200 రూపాయలు. మంచి పద్ధతే, మేము దానిని తప్పు పట్టుటలేదు. అయితే చేతిలో ఫోను, ప్రక్కన డిగ్రీ చదివిన అన్నయ్య ఉన్నవారికే అది సులువు. ఇంటిలో మొట్టమొదట కాలేజీ గడప ఎక్కబోయే పిల్లకు అడుగడుగున ఒక చిక్కు.

సి.ఇ.సి. చదివిన ఒక అమ్మాయి మంచి మార్కులతో ప్యాసై మా దగ్గరకు వచ్చినది. దరఖాస్తు మొదలుపెట్టాలంటే ఆధార్‌తో జోడించిన ఫోనుకు ఓటీపీ వస్తుంది. ఆ ఫోను తండ్రి దగ్గర, తండ్రి హైదరాబాదులో సెంట్రింగు పనిలో ఉన్నాడు. పగలంతా ఫోను తీయడు. తీసినప్పుడు, “ఫోనులో వచ్చిన అంకెలు ఎవరికీ చెప్పవద్దని బ్యాంకువారు అన్నారు గదా” అని చెప్పడు. ఆయన మాటలో తప్పేమున్నది? ఎం.ఏ. చదువుచున్న మన విద్యార్థిని ఒకతె రాత్రి తొమ్మిది గంటలకు ఆయనతో మాట్లాడి, “మామయ్యా, మీ బిడ్డ నా ప్రక్కనే ఉన్నది, ఆమెతోనే చెప్పండి” అని ఒప్పించినది. ఆరంకెలు. ఆ ఆరంకెల కోసము మూడు దినములు పట్టినది.

మరొక చిక్కు మన సంఘములలోనే ఎక్కువ. గుడిలో ఒక పేరు, బడిలో ఒక పేరు. టెన్త్ మెమోలో ఒక విధముగా, ఆధార్‌లో మరొక విధముగా పేరు ఉంటుంది. ఫలితములు వచ్చిన తరువాత దిద్దించబోతే గడువు దాటిపోతుంది. కుల ధృవపత్రము సంగతీ అంతే. షెడ్యూల్డు కులముల నుండి క్రైస్తవులైనవారిని, వారి సంతతిని ప్రభుత్వము బి.సి.-సి వర్గములో ఉంచినది. ఆ పత్రము, ఆదాయ పత్రము మీసేవలో దరఖాస్తు పెట్టిన పూటే చేతికి రావు. కనుక మన విద్యార్థులు ఈ పని మార్చిలోనే, పరీక్షల సందడి తీరకముందే మొదలుపెట్టినారు. ఇది వారు అనుభవము మీద నేర్చినది, ఏ పుస్తకములోను లేదు.

తరువాత వెబ్ ఆప్షన్లు. ఏ కాలేజీ, ఏ కోర్సు మొదట, ఏది తరువాత అని వరుసగా పెట్టుకోవలెను. ఒక అబ్బాయి స్నేహితుడు చేరే కాలేజీ ఒక్కటే పెట్టి ఊరుకున్నాడు. ఆ విడతలో అతనికి సీటు రాలేదు. రెండవ విడత ఉన్నదని కూడ అతనికి తెలియదు, మనవాళ్లు ఇంటికి వెళ్లి చెప్పవలసి వచ్చినది. సీటు వచ్చినవారు కూడ గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగు చేయకపోతే ఆ సీటు పోతుంది. మార్కులు తక్కువై చదువు మానినవారిని మేము చూచినాము గాని, ఇలాంటి చిన్న మెట్టు దగ్గర జారి మానినవారిని చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

యూనివర్సిటీ విద్యార్థులతో ఒక మాట నిర్మొహమాటముగా చెప్పవలెను. మీకు తెలుసు గనుక మీరే టకటక నొక్కివేయుట తేలిక. అలా చేయకండి. మీట మీద పిల్లవాని వ్రేలే ఉండవలెను, మీరు ప్రక్కన కూర్చోవలెను. మీరు చదివిన సబ్జెక్టునే వాని నెత్తిన రుద్దకండి. కంప్యూటర్స్ చదివినవానికి లోకమంతా కంప్యూటర్స్ లాగే కనబడుతుంది! ఆడపిల్లల తల్లులు కోర్సు కంటె ముందు “బస్సు ఏ వేళకు ఉన్నది? హాస్టలు ఉన్నదా?” అని అడుగుతారు. దానిని వెనుకబాటుతనమని నవ్వకండి. బస్సు లేని కాలేజీలో వచ్చిన సీటు సగము దినములు ఖాళీగానే ఉంటుంది.

పై చూపు కూడ చూపండి. హైదరాబాదులోని కేంద్రీయ విశ్వవిద్యాలయము 1974లో స్థాపించబడినది. ఇంటర్ తరువాత అక్కడ అయిదేండ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులు ఉన్నవని మన పిల్లలలో ఎందరికి తెలుసు? 2022 నుండి వచ్చిన సి.యు.ఇ.టి. పరీక్ష ద్వారా అక్కడికి పోవలెను. సాధారణముగా ఇంటర్ ఫలితములు రాకముందే ఆ దరఖాస్తు గడువు ముగిసిపోతుంది. తెలిసినవారు జనవరిలోనే చెప్పవలెను.

సీటుతో పని తీరదు. తెలుగు మీడియము నుండి వెళ్లిన పిల్లవాడు మొదటి రెండు నెలలలోనే, “నాకేమీ అర్థము కావటము లేదు” అని మూట సర్దుకొంటాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము ఆలస్యమైతే కాలేజీవారు ఫీజు కట్టమని ఒత్తిడి చేసిన సందర్భములూ ఉన్నవి. ఆ వేళ ఫోను చేయుటకు ఒక అక్క, ఒక అన్న ఉండవలెను. మొదటి సెమిస్టరు పరీక్షలు అయ్యేవరకు వారానికి ఒకసారి పలుకరించుటకు మన విద్యార్థులు ఒప్పుకొన్నారు. వారికీ పరీక్షలుంటవి, అయినా ఒప్పుకొన్నారు.

పెద్దలను మేము అడిగేది కొద్దే. వేసవిలో సాయంత్రములు సంఘ హాలు తెరచి ఉంచండి, కరెంటు, ఇంటర్నెట్ చూడండి, పట్టణము పోయి వచ్చే పిల్లలకు బస్సు చార్జీలు ఇవ్వండి. ఇంటర్ రెండవ సంవత్సరము చదివే బిడ్డలున్నవారు ఆధార్, టెన్త్ మెమో తీసి, రెండింటిలో పేరు ఒకటేనా అని ఈ రాత్రే చూడండి. పేర్లు వ్రాసుకొనుటకు వెస్ట్రీ బల్ల మీద పుస్తకము పెట్టినాము. ఎడమ ప్రక్క ఇంటర్ పిల్లలు, కుడి ప్రక్క యూనివర్సిటీ విద్యార్థులు. ఇప్పటికి ఎడమ ప్రక్కనే ఎక్కువ పేర్లున్నవి.