‘మా’ది ఏ ఊరు?



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో ఏర్పడిందో ఆ మాస్టారి దగ్గర నేను తొమ్మిదీ పదీ తరగతుల్లో తెలుగు చదువుకున్నాను. వేదికల మీద తన పేరు వినపడటం ఆయనకు నచ్చేది కాదు. అందుకే ఇవాళ కూడా ‘మాస్టారు’ అనే అంటాను. ఆయన బల్ల మీద ఎప్పుడూ ఒక రేకు డబ్బా ఉండేది. పాత శుభలేఖల అట్టల్ని చీటీలుగా కత్తిరించి, ఒక్కో చీటీ వెనక ఒక్కో మాట రాసి అందులో వేసేవారు. పైన మాట, దాని కింద అర్థం, అట్టడుగున అది చెప్పిన మనిషి ఊరు. ఊరు లేని చీటీని డబ్బాలో పడనిచ్చేవారు కాదు. “కొత్త మనిషి కనబడితే ముందు ఏమడుగుతాం? మీదే ఊరండీ అని. మాటనూ అదే అడగాలిరా” అనేవారు.

ఇవాళ నేను ఒకే ఒక్క మాటను ఆ ప్రశ్న అడగదలచుకున్నాను. ఒక హల్లు, ఒక అచ్చు, అంతే: ‘మా’.

ముందు మన ఇంటి నుంచే మొదలుపెడతాను. పదో తరగతిలో స్వాతంత్ర్య దినోత్సవం మీద వ్యాసం రాస్తూ ‘మా దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజు’ అని రాశాను. మాస్టారు ఆ ‘మా’ కింద ఎర్రసిరాతో గీత గీసి, పక్కన “నేను పరాయివాణ్ణా?” అని రాసి ఇచ్చారు. మా, మన అనే రెండు మాటల మధ్య తేడా నాకు ఆ గీతతో తెలిసింది. ‘మన’ వినేవాణ్ణి లోపలికి పిలుస్తుంది. ‘మా’ అతన్ని గుమ్మం బయటే నిలబెడుతుంది. ఇంగ్లీషుకు ఈ తేడా లేదు, హిందీకీ లేదు. తమిళానికీ మలయాళానికీ ఉంది. మన పక్కనున్న మరాఠీ, గుజరాతీల్లో కూడా ఉంది. ద్రావిడ భాషల పొరుగున ఉండటం వల్ల వాటికి అబ్బిందని పండితులు చాలామంది భావిస్తారు. తెలుగులో మరో విశేషం: ఒక్కడే కొడుకైనా ‘మా నాన్న’ అంటాడు గాని ‘నా నాన్న’ అనడు. భర్త కూడా ‘మా ఆవిడ’ అనే అంటాడు. ఇంటి మనుషులు ఒక్కరి సొత్తు కారన్న లెక్క ఈ వ్యాకరణంలో ఉంది.

ఈ ‘మా’ పుట్టుక కూడా ముచ్చటైనది. నేను, మేము అనే మాటలకు పాత తెలుగులో ఏను, ఏము అనే రూపాలున్నాయి. తమిళంలో ‘నా’ అనడానికి ‘ఎన్’, ‘మా’ అనడానికి ‘ఎం’ అంటారు. అక్కడ అచ్చు ముందు, హల్లు వెనక. మన దగ్గర హల్లు ముందుకొచ్చి అచ్చు వెనక్కి పోయింది. ఎన్‌కు నా, ఎంకు మా. రెండు మాటల్లోనూ మార్పు ఒకే దారిలో నడిచింది. ఈ ‘ఒకే దారి’ అన్నది మీరు గుర్తుపెట్టుకోవాలి, దానితో తరవాత పనుంది.

అదే తమిళంలో ‘మా’ అనే మాట విడిగా కూడా ఉంది. దానికి మనకున్న అర్థం లేదు. అక్కడ మా అంటే మామిడి చెట్టు, పిండి, మృగం, గొప్పది. లెక్కల్లో ఇరవయ్యో వంతు. కావేరి డెల్టాలో పొలం కొలత కూడా. ఇరవై మాలు కలిస్తే ఒక వేలి. ఒకే అక్షరంతో అయ్యే ఇలాంటి మాటలు తమిళంలో 42 ఉన్నాయని నన్నూల్ అనే పాత వ్యాకరణ గ్రంథం లెక్కగట్టింది. వీటిలో మామిడి అనే అర్థం మనకూ చుట్టమే. కన్నడంలో మావు, మలయాళంలో మావు, మనకు మావి, మామిడి. తమిళంలో మా చెట్టు కాయ ‘మాంగాయ్’, మలయాళంలో ‘మాంగ’. మలబారు తీరానికి వచ్చిన పోర్చుగీసు వర్తకులు దాన్ని ‘మాంగ’గానే పట్టుకుపోయారు, ఇంగ్లీషు వాళ్ల నోట అది మ్యాంగో అయింది. ఆ మాటలో చివరనున్న ‘గో’ మన కాయే. మామిడికాయలో ఉన్న కాయా, మ్యాంగోలో ఉన్న గో ఒకే కొమ్మకు కాసినవి. ఇది ఊహతో చెప్పేది కాదు. ఓడ ఎక్కిన రేవు తెలుసు, దిగిన రేవు తెలుసు, మధ్యలో చేతులు మారిన భాషలూ తెలుసు.

ఇక సంస్కృతం. అక్కడ మూడు మాలు పక్కపక్కనే కాపురం ఉంటాయి. ఒకటి ‘వద్దు’ అనే నిషేధం. గ్రీకులో ‘మే’, ప్రాచీన ఇరానీ భాషల్లో ‘మా’ దీనికి తోబుట్టువులు. రెండోది కొలవడం. మానం, మాత్ర, ప్రమాణం దీని పిల్లలే. చంద్రుణ్ణి చూసి కాలం కొలిచారు గనక నెలకు మాసం అని పేరొచ్చింది. ఇంగ్లీషులో చంద్రుణ్ణి చెప్పే మూన్, నెలను చెప్పే మంత్ ఆ మాసానికి దూరపు దాయాదులు. మూడోది లక్ష్మి. మా అంటే లక్ష్మి, ధవుడంటే భర్త. మాధవుడు అలా వచ్చాడు.

ఈ మూడింట్లో రెండు మాలు ఒకే చోట ఎదురుపడిన సందర్భం రామాయణంలో ఉంది. తమసా తీరంలో క్రౌంచ పక్షుల జంటలో ఒకదాన్ని బోయవాడు కొట్టినప్పుడు వాల్మీకి నోట వచ్చిన శ్లోకం ‘మా’తోనే మొదలవుతుంది. అందులోని ‘మా’ నిషేధం. అది బోయవాడికి శాపం. రామాయణ వ్యాఖ్యాతలు కొందరికి మహాకావ్యం శాపంతో మొదలుకావడం మింగుడుపడలేదు. వాళ్లు ఆ ‘మా’ను లక్ష్మిగా తీసుకుని, తరవాతి మాటతో కలిపి, లక్ష్మికి నివాసమైనవాడా అని విష్ణువును పిలిచినట్టు అర్థం చెప్పారు. శాపం కాస్తా మంగళాశాసనం అయింది. మాస్టారు మాకు ఈ రెండర్థాలూ చెప్పి, “రెండోది భక్తి. మొదటిది దుఃఖం. నాకు మొదటిదే కావాలి” అన్నారు. నాకూ మొదటిదే కావాలి. పక్షి చచ్చిపడి ఉన్న చోట ముందు వచ్చే మాట ‘వద్దు’ అనే.

పడమటికి వెళితే, అరబ్బీలో మా అంటే ‘ఏది’ అనే ప్రశ్న, ‘ఏదైతే అది’ అనే సంబంధం. మరోచోట అదే ‘కాదు’ కూడా. హైదరాబాదులో పసిబిడ్డను చూడగానే అనే మాషా అల్లాలో మొదట ఉన్నది ఆ మాయే: దేవుడు ఏది తలిస్తే అది. ఉర్దూలో సంగతేమిటి అనడానికి వాడే ‘మాజరా’ కూడా అరబ్బీ మాయే. ‘మా జరా’ అంటే ‘ఏం జరిగింది’. ఆ ప్రశ్న మొత్తం ముద్దకట్టి నామవాచకం అయిపోయింది.

ఇటాలియనులో మా అంటే ‘కానీ’. లాటినులో ‘ఎక్కువ’ అనే అర్థమున్న మాగిస్ అరిగి అలా మిగిలింది. ఆ మాగిస్, మన చెవికి దగ్గరైన మహా ఒకే మూలం నుంచి వచ్చాయి. ఫ్రెంచిలో మా అంటే ‘నా’, స్త్రీలింగం ముందు వాడేది. మా దామ్ అంటే ‘నా దొరసాని’. అదే మదామ్ అయి, ఇంగ్లీషు మీదుగా మన బడుల్లోకి మేడమ్‌గా వచ్చింది. మన పిల్లలు ‘మా మేడమ్’ అంటారు కదా, అందులో చుట్టరికం రెండుసార్లు ఉంది. ఒకటి తెలుగు, ఒకటి ఫ్రెంచి. ఫిన్లాండులో మా అంటే నేల. హంగరీలో మా అంటే ఇవాళ. ఫిన్నిష్, హంగేరియన్ ఒకే కుటుంబం భాషలైనా ఈ రెండు మాలకూ సంబంధం లేదు.

తూర్పున మాటకు అక్షరంతో పాటు స్వరం కూడా ప్రాణం. చైనా వాళ్ల మాండరిన్‌లో మాను నిలకడగా పలికితే అమ్మ, పైకెత్తితే జనపనార, దించి ఎత్తితే గుర్రం, దబ్బున దించితే తిట్టడం. రాతలో చూడండి: అమ్మ అనే అక్షరంలో ఎడమవైపు స్త్రీ గుర్తు, కుడివైపు గుర్రం. అమ్మకూ గుర్రానికీ పోలిక ఉందని కాదు, ఎలా పలకాలో చెప్పడానికి ఆ గుర్రం అక్కడ నిలబడింది. తిట్టడానికి అదే గుర్రం మీద రెండు నోళ్లు పెట్టారు. వియత్నాం భాషలో స్వరాలు ఆరు. ఒక స్వరంలో మా దెయ్యం, మరో స్వరంలో అమ్మ, ఇంకో దానిలో ‘కానీ’, ఇంకో దానిలో సమాధి. గుర్రం అనేది చైనా నుంచి తెచ్చుకున్న మాట. ఆరోది వరినారు. జపానులో మా అంటే ఎడం. రెండు స్తంభాల నడుమ చోటు, రెండు మాటల నడుమ మౌనం. వాళ్ల సంగీతంలో, నాటకంలో ఆ ఖాళీకి కూడా విలువ కడతారు.

అయితే ఇన్ని భాషల్లో అమ్మకు ‘మ’ ఎందుకు? దీనికి రోమన్ యాకబ్సన్ అనే భాషాశాస్త్రవేత్త 1960లో అచ్చయిన వ్యాసంలో కారణం చెప్పాడు. పాలు తాగే బిడ్డ నోరు మూసి ఉండగానే ముక్కుతో చేసే మూలుగు అది. తల్లి దాన్ని తన పిలుపుగా తీసుకుంటుంది. ప్రతి ఊరిలోనూ అది కొత్తగా పుడుతుంది. ఒక భాష ఇంకో భాషకు ఇచ్చింది కాదు. జార్జియా దేశంలో ‘మామ’ అంటే నాన్న, ‘దెద’ అంటే అమ్మ. మనకు మామ అంటే మేనమామ. ధ్వని ఒకటే, దాని ముందుకు వచ్చి నిలబడిన మనిషి వేరు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఫలానా దేశపు మాట మన మాటలా వినిపిస్తోంది కాబట్టి ఆ భాష మననుంచే పుట్టిందని చెప్పే సందేశాలు ఈ మధ్య రోజూ ఫోనుకు వస్తున్నాయి. చదువుకున్నవాళ్లే పంపుతున్నారు. నాకు బాధగా ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఎంబాబరం అనే భాష ఉండేది. 1960లలో ఆర్.ఎం.డబ్ల్యు. డిక్సన్ అనే పండితుడు ఆ భాష తెలిసిన వృద్ధుణ్ణి కుక్కనేమంటారని అడిగితే ‘డాగ్’ అన్నాడు. ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నది కాదు. ఇరుగుపొరుగు భాషలో కుక్క ‘గుడగ’. ఎంబాబరంలో మాటల మొదలూ చివరా ఒకే పద్ధతిలో అరిగిపోయాయి, గుడగ కూడా అలాగే అరిగింది. పోలిక కాకతాళీయం. చుట్టరికానికి సాక్ష్యం ఆ ఒకే దారి. ఎన్ నాగా, ఎం మాగా మారిన దారి లాంటిది. తెలుగు గొప్పదనానికి అబద్ధపు వంశవృక్షం అక్కర్లేదు. మా, మన అనే రెండు మాటలే దానికి చాలు.

మాస్టారి డబ్బా ఇప్పుడు నా దగ్గరుంది. నిన్న తెరిస్తే చేతికి వచ్చిన చీటీ మీద ‘గెత్తం: పశువుల ఎరువు’ అని ఉంది, కింద శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లె పేరు. ఆ పల్లెలో ఇప్పుడు ఆ మాట ఎందరి నోట ఉందో వెళ్లి అడగాలి.

మీరూ ఒక పని చేయండి. ఈ రాత్రి ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని, బడిలో వినపడని మాట ఒక్కటి అడిగి రాసుకోండి. పైన మాట, కింద అర్థం. ఊరి పేరు మాత్రం మరచిపోకండి.