వంకర కాళ్ల దూడ: దోషం గ్రహణానిది కాదు
(పశుపోషకుల కొరకు చేసిన ప్రసంగ పాఠం)



పెదవి చీలి పుట్టిన బిడ్డను చూసి తెలుగువారు ‘గ్రహణం మొర్రి’ అంటారు. గర్భవతిపై గ్రహణపు నీడ పడితే బిడ్డకు వైకల్యం కలుగుతుందన్న పాత నమ్మకం ఆ మాటలో నేటికీ నిలిచి ఉన్నది. కీళ్లు బిగుసుకొని, మెడ వంగి, చూపు లేక ఒక దూడ పుట్టినపుడు నగర శివార్లలో రెండు మూడు ఆవులతో జీవనం సాగించే కుటుంబాల్లోనూ ఆ నమ్మకమే తలెత్తుతుంది. తల్లి ఆవును అరిష్టమని భావించి అయినకాడికి అమ్మివేసేవారూ ఉన్నారు.

ఇటువంటి జననాలకు వంశలోపం, విషపు మొక్కలు, పోషక లోపం కూడా కారణాలు కావచ్చును. అయితే ఒకే ఋతువులో పలు మందల్లో ఒకే తీరు వైకల్యం కనిపిస్తే ముందుగా అనుమానించవలసినది వైరస్‌ను.

1972 నుండి 1975 వరకు జపానులో ఈడ్చుకుపోయిన చూళ్లు, చనిపోయి పుట్టినవి, వైకల్యంతో పుట్టినవి కలిపి 40,000కు పైగా దూడలు నష్టమయ్యాయి. కారణం అకబానే వైరస్. గున్మా ప్రాంతంలోని అకబానే గ్రామపు దోమలలో 1959లోనే అది కనబడినప్పటికీ, దూడల వైకల్యంతో దాని సంబంధం ఈ విపత్తు తరువాతనే రుజువైంది. 2011లో జర్మనీలో బయటపడిన ష్మాలెన్‌బర్గ్ వైరస్ కూడా దానికి దగ్గరి బంధువే.

ఈ వైరస్‌లను క్యూలికాయిడిస్ అనే అతి చిన్న కుట్టుడు దోమలు మోస్తాయి. అకబానే సోకిన ఆవులో సాధారణంగా ఏ లక్షణమూ కనబడదు. వైరస్ మాత్రం మాయను దాటి పిండాన్ని చేరుతుంది. ఆవు చూడికాలం సుమారు 280 రోజులు. మూడు, నాలుగు నెలల మధ్య సోకితే మెదడు నశించి ఆ స్థానంలో నీరు చేరుతుంది; దూడ గుడ్డిదై, పాలు కుడవడం కూడా ఎరుగదు. నాలుగు నుండి ఆరు నెలల మధ్య సోకితే కాళ్ల కీళ్లు బిగుసుకుపోతాయి. అనగా ఈనిన నాటికి అసలు కారణం నెలల పాతది.

అప్పటికి దూడలో వైరస్ తరచుగా మిగిలి ఉండదు. దాని జాడ మాత్రం రక్తంలో ఉంటుంది. ఆవులలో తల్లి రక్షక పదార్థాలు మాయ ద్వారా దూడకు చేరవు, ముర్రుపాల ద్వారానే చేరుతాయి. అందువలన ముర్రుపాలు తాగకముందే దూడ రక్తం తీయించాలి. అందులో ఆ వైరస్‌పై రక్షక పదార్థాలు కనబడితే, దూడ గర్భంలోనే దాని బారిన పడినట్లు తేలుతుంది.

అకబానే సోకిన తల్లికి రోగనిరోధక శక్తి ఏర్పడుతుంది. తరువాతి దూడలు సాధారణంగా ఆరోగ్యంగానే పుడతాయి. కనుక ఆ ఆవును వదిలించుకోవడానికి కారణం లేదు.

బి.వి.డి. అనే మరొక వైరస్ తీరు వేరు. అది పశువు నుండి పశువుకు అంటుకుంటుంది. సుమారు 100 నుండి 150 రోజుల చూడిలో సోకితే చిన్నమెదడు దెబ్బతిని దూడ తూలుతుంది. తొలి నాలుగు నెలల్లో సోకితే మాత్రం, పిండం ఆ వైరస్‌ను తన శరీరభాగంగానే భావించవచ్చు. అటువంటి దూడ పైకి చక్కగానే కనబడి, జీవితాంతం వైరస్‌ను వెదజల్లుతుంది. మందకు అసలు ప్రమాదం ఈ దూడ వలననే. చెవి నుండి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే దీనిని గుర్తించవచ్చు. సంతలో కొన్న పశువును మందలో కలిపే ముందు పశువైద్యుని సలహా తీసుకోవాలి.

పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. గర్భధారణ చేయించిన తేదీ రాసి ఉంచాలి. వ్యాధి సోకిన కాలం దాని ద్వారానే లెక్కకు వస్తుంది. కీళ్లు బిగిసిన దూడ ఈతలో అడ్డుపడితే బలవంతంగా లాగరాదు. పలు రాష్ట్రాలలో సంచార పశువైద్య సేవకు 1962కు ఫోను చేయవచ్చు. పడిన చూలును, మాయను వట్టి చేతులతో తాకరాదు. మనుషులకు అంటే బ్రూసెల్లోసిస్ కూడా చూలు పడడానికి కారణం కావచ్చు. వాటిని లోతుగా పూడ్చాలి. పాలు కాచి మాత్రమే తాగాలి. తడి పేడ, బురద ఈ దోమలకు పుట్టిళ్లు కనుక కొట్టం పొడిగా ఉంచాలి, పేడను మురుగుకాలువలో వేయరాదు.

దూడ వంకరగా పుట్టిన రోజున ఆ ఇంటికి కావలసినది శాంతి పూజ కంటె ముందు ఒక రక్తపరీక్ష.