పాత లాప్‌టాప్‌కు కొత్త వ్యవస్థ

రేపల్లెలో నాకొక మిత్రులున్నారు, విశ్రాంత ఉపాధ్యాయులు. తమ ఊరి చరిత్రను చాలకాలము శ్రమించి వ్రాసి, తెనాలిలో టైపు చేయించి, పదేండ్లనాటి లాప్‌టాప్‌లో భద్రపరచుకొన్నారు. ఇటీవల అందులో విండోస్ 10ను తీసివేయించి, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేయించినారు. ఆ పనిలో డిస్కు మీది దంతయు తుడిచిపెట్టుకొని పోయినది. అదృష్టవశమున మనుమరాలు ముందుగానే పెన్‌డ్రైవ్‌లో ఒక ప్రతి దాచినది. కాని దానిని తెరచి చూడగా తెలుగక్షరము ఒక్కటియు లేదు. అంతయు ఇంగ్లీషు అక్షరముల కలగాపులగమే!

మార్పు అవసరమైనదే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. 2021లో వెలువడిన విండోస్ 11, టీపీఎం 2.0 అను భద్రతా సాధనమును, కొత్త తరపు ప్రాసెసరును కోరును. పాత యంత్రములు పెక్కింటికి ఆ యోగ్యత లేదు. అట్లని వానిని మూలపడవేయ నక్కరలేదు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ ఆధారముగా ఉచిత వ్యవస్థలు కలవు. వానిలో తేలికైనవి పాత లాప్‌టాప్‌ల మీద చక్కగా నడచును. మా మిత్రులు వేయించినదియు అదే.

మరి తెలుగేమైనది? పూర్వము డీటీపీ దుకాణములలో వాడిన అనేక ఫాంటులు ఇంగ్లీషు అక్షరముల స్థానములందే తెలుగు రూపములను అమర్చినవి. లోపలిది ఇంగ్లీషు సంకేతము, పైది తెలుగు వేషము. బాపట్లకు చెందిన స్థానం నరసింహారావుగారు రంగస్థలముపై సత్యభామగా కనిపించినను, వేషము తీసిన వెనుక స్థానంవారే కదా! ఫాంటు లేనిచోట ఈ ఫైలు గతియు నంతే. 1991లో వెలువడిన యూనికోడ్ మాత్రము తెలుగునకు సొంత స్థానము లిచ్చినది.

మిత్రులు రైలెక్కి తెనాలి వెళ్ళినారు. ఆ పాత ఫాంటు ఇంకను ఉన్న దుకాణములో ఫైలు తెరచుకొన్నది. దానిని యూనికోడ్‌లోకి మార్పించినారు. అక్కడక్కడ ఒత్తులు తప్పిపోగా, తామే కూర్చుండి దిద్దుకొన్నారు.

కావున వ్యవస్థను మార్చుటకు ముందు మూడు పనులు చేయుడు. ఫైళ్ళను రెండు వేర్వేరు చోట్ల దాచుడు. పాత తెలుగు వ్రాతలను యూనికోడ్‌లోకి మార్చుకొనుడు. లినక్స్‌ను ముందుగా పెన్‌డ్రైవ్ నుండియే నడిపి, వైఫై, ప్రింటరు, తెలుగు టైపింగు పనిచేయునో లేదో పరీక్షించుడు. పాత యంత్రము పోయినచో మరొకటి కొనవచ్చును. పోయిన వ్రాతను కొనుటకు దుకాణము లేదు.