సిరల సంగతీ చూడాలి
(గుంతకల్లు విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గుండెపోటు, బైపాస్, స్టెంట్ అనేవి మన ఇళ్లలో రోజూ వినపడే మాటలే. అవన్నీ ధమనుల కథ. సిరల సంగతి ఎవరూ అడగరు. ధమని రక్తం తెచ్చే లైను, సిర తిరిగి తీసుకుపోయే లైను. యార్డులోంచి బండ్లు బయటికి పోయే లైను మూసుకుపోతే ఏమవుతుందో రైల్వేవారికి నేను చెప్పనక్కరలేదు. మెదడు సిరలో రక్తం గడ్డకట్టినా అంతే. లోపల ఒత్తిడి పెరుగుతుంది, వాపు వస్తుంది, ఒక్కోసారి రక్తస్రావమూ అవుతుంది.

ఇది మన వయసువారికంటే మన పిల్లల వయసువారికి ఎక్కువగా వచ్చే జబ్బు. హైదరాబాదు నిమ్స్ వైద్యులు 428 మంది రోగుల వివరాలను 2012లో ప్రచురించారు. వారిలో సగానికి పైగా మగవారే. రక్తహీనత, మద్యపానం, గర్భనిరోధక మాత్రలు, కాన్పు తర్వాతి రోజులు కారణాలలో ఉన్నాయి.

మరి సిరను చూడటం ఎలా? ఆమ్లజని వదిలేసిన రక్తానికి కొద్దిపాటి అయస్కాంత గుణం ఉంటుందని 1936లో లైనస్ పౌలింగ్, చార్లెస్ కొరియెల్ కనిపెట్టారు. 1990లో సెయిజి ఒగావా బృందం బలమైన ఎమ్మారై యంత్రంలో ఎలుక మెదడు సిరలను నల్లని గీతలుగా చూపింది. 1997లో రైకెన్‌బాఖ్, హాకె ప్రభృతులు మనిషి మెదడులోని సన్నని సిరలను సూదిమందు లేకుండానే చిత్రించారు. అయస్కాంతం బలం పెరిగేకొద్దీ ఆ గీతలు స్పష్టమవుతాయి. ఆస్పత్రులలో సాధారణంగా ఉండేవి 1.5, 3 టెస్లా యంత్రాలు. 3 టెస్లా అంటే భూమి అయస్కాంత బలానికి సుమారు 60 వేల రెట్లు. 7 టెస్లా యంత్రానికి అమెరికాలో 2017లో వైద్య అనుమతి లభించింది.

ఇంత శ్రమ ఎందుకంటే, మెదడులో రక్తస్రావమైతే మామూలుగా రక్తాన్ని పలచబరిచే మందు ప్రమాదం. కాని దానికి మూలం సిరలోని గడ్డ అయితే, అదే మందు ప్రాణం నిలుపుతుంది. చికిత్స ఏ దారిన పోవాలో సిరల చిత్రమే చెబుతుంది.

కనుక రోజురోజుకూ పెరిగే తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఫిట్స్ కనబడితే, ముఖ్యంగా బాలింతలలో, దిష్టి అని కూర్చోవద్దు. కర్నూలుకో బళ్లారికో వెంటనే తీసుకుపోండి. “సిరలు కూడా చూశారా?” అని డాక్టరుగారిని అడగండి. పేస్‌మేకర్ ఉన్నవారు స్కానింగుకు ముందే ఆ మాట చెప్పాలి. బాలింతకు నీళ్లు తగ్గించే పాత పథ్యం మన కరువుసీమ ఎండల్లో అసలే వద్దు. ఈ మాట కోడళ్లకు, కూతుళ్లకు మీరే చెప్పండి. పెద్దలు చెబితే వింటారు.