నక్క కూత

ఇంజనీరుగా అనుభవాలు చెప్పమన్నారు. కాంక్రీటు గొడవ మీకెందుకు? నక్క సంగతి చెబుతాను. ఇది నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిదో తరగతి పరీక్షలై సెలవులిచ్చిన వారం. వేదాద్రి నరసింహస్వామి గుడికి ఎగువన, కృష్ణ ఒడ్డున నక్కలోళ్ళు డేరాలు వేశారు. అందులో ఒక ముసలాయన వెంట నేను తిరిగేవాణ్ణి. ఇసుకలో అడుగులు చూపించేవాడు. "చూడు అబ్బాయా, కుక్క అటూ ఇటూ పోద్ది. ఇది తాడు గుంజినట్టు పోద్ది." నక్కకు ముందుకాలి నడిమి రెండు వేళ్ళ మెత్తలు వెనకవైపు కలిసిపోయి ఉంటాయి, కుక్కకు విడిగా ఉంటాయి. ఆ తేడా నేను పుస్తకంలో చదివింది చాలా ఏళ్ళ తర్వాత.

చీకటి పడ్డాక రెండు చేతులూ దొప్పచేసి నోటికి పెట్టుకుని కూసేవాడు. సన్నగా ఎత్తి, మూడోసారికి గొంతు విరిచేవాడు. అవతలి గట్టునుంచి జవాబు వచ్చేది. నాకూ నేర్పాడు. పిల్ల కుయ్యిమనే కూత మాత్రం ఒక్కసారే వినిపించి, "ఈ నెలల్లో ఇది కూయమాక. తల్లి వస్తది. అందుకే కూయమాక" అన్నాడు.

మన వైపు నక్కలు ఫిబ్రవరి, మార్చిలో జతకడతాయి. అరవై మూడు రోజులకు ఈనతాయి. పిల్లలు పదిరోజులకు గాని కళ్ళు తెరవవు. తండ్రి కూడా తిండి మింగి తెచ్చి, బొరియ దగ్గర కక్కి పెడుతుంది.

నేను కూశాను. నలుగురు స్నేహితుల ముందు గొప్పకోసం, పట్టపగలు. రేగుకంపల్లోంచి తల్లి వచ్చేసింది. రాళ్ళు పడ్డాయి. అది పారిపోయిన దారి పట్టి బొరియ కనుక్కున్నాం. మర్నాటికి ఎవరో తాటాకులు కుక్కి పొగబెట్టారు. నక్క కొమ్ము దొరుకుతుందని ఆశ! అసలు నక్కకు కొమ్మేమిటి?

ఆ వారంలోనే రెండు మేకపిల్లలు పోయాయి. నక్కలోళ్ళు కూసి ఊరిమీదికి తెచ్చారన్నారు. తెల్లారేలోగా డేరాలు ఎత్తించారు. ముసలాయన సామాను గాడిదమీద కడుతూ నావైపు చూశాడు. కూసింది ఎవరో ఆయనకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

తర్వాత ఒక కాలవ కట్టపని మీద ఉండగా, పొక్లెయిన్ ముందు బొరియ కనపడింది. మిషన్ను రెండో కొసకు పంపాను. బొరియ చుట్టూ క్రషర్ డస్టు జల్లించి పరిపించాను. కదిలిస్తే తల్లి పిల్లల్ని నోట కరుచుకుని వేరేచోటికి మారుస్తుంది. మూడో ఉదయానికి బయటికి పోయిన అడుగులే ఉన్నాయి, లోపలికి వచ్చినవి లేవు. అప్పుడు తవ్వమన్నాను. మూడురోజుల ఆలస్యానికి పైవాళ్ళు సంజాయిషీ అడిగారు. 'నేల మెత్తగా ఉంది' అని రాశాను. (నవ్వకండి, మాస్టారూ. మీరు నేర్పిన వ్యాసరచనే.) ఇప్పుడైతే 1972 వన్యప్రాణి చట్టం కిందే రాయొచ్చు. 2022 సవరణతో నక్క మొదటి షెడ్యూలులోకి వచ్చింది.

ఆ డేరాలవాళ్ళకోసం రెండు జిల్లాల్లో అడిగాను. దొరకలేదు.

నిన్న రాత్రి గుడి దగ్గరే బసచేశాం. అవతలి ఒడ్డున ఒకటి ఎత్తుకుంది. మా అమ్మాయి, "నువ్వూ కూయి నాన్నా, వస్తుందేమో చూద్దాం" అంది.

"ఇది మే నెలమ్మా" అన్నాను.